లింగంపేటకు నేను మోసిన గోళీలు

పోయిన వారం కామారెడ్డిలో బీపీ మందులు కొనుక్కుందామని దుకాణానికి వెళితే, నాకంటే ముందు నిలబడిన ఒక ముసలావిడ మోకాళ్ల నొప్పులకు మొన్న ఇచ్చినవే ఇంకో రెండు అట్టలు ఇమ్మని అడుగుతోంది. కౌంటరు వెనక ఉన్న అమ్మాయికి మా మనవరాలి వయసు ఉంటుంది. మొన్నటివి అప్పుడే అయిపోయాయా, అన్నం తిన్నాకే వేసుకుంటున్నావా, కడుపులో మంట ఉందా అని ఒక్కొక్కటే అడిగి, డాక్టరుకు చూపించుకొని చిట్టీ తెస్తేగాని ఇవ్వనంది. ముసలావిడ గొణుక్కుంటూ మెట్లు దిగిపోయింది. తరువాత ఆ అమ్మాయి నన్ను ఏం కావాలని రెండుసార్లు అడిగిందట. పక్కనున్నాయన భుజం తట్టాక తేరుకున్నాను.

ఎనభైలలో కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి సర్కారు బస్సులో తిరిగినవాళ్లు మీలో ఉంటే నన్ను చూసే ఉంటారు. ఆ దారిలో చాలా ఏళ్లు కండక్టరుగా పనిచేశాను. అప్పట్లో కండక్టరంటే టికెట్లు కొట్టేవాడు మాత్రమే కాదు, పట్నం నుంచి ఏ వస్తువు కావాలన్నా ఊళ్లవాళ్లు మాకే చెప్పేవారు. కుట్టుమిషను సూదులు, పెండ్లి కార్డుల కట్టలు, విరిగిన కళ్లద్దాలకు కొత్త కాడ, ఇట్లా ఏవేవో నా సంచిలో ప్రయాణం చేసేవి. వాటన్నిటికంటే ఎక్కువగా నేను మోసినవి నొప్పి మాత్రలు, మా వైపు మాటలో గోళీలు.

లింగంపేటలో మా అక్క ఉండేది. అమ్మ తొందరగా పోవడం వల్ల నన్ను పెంచింది ఆమే. బావ మస్కట్‌లో తాపీ పనికి పోయి రెండేళ్లకో, మూడేళ్లకో ఒకసారి వచ్చేవాడు. ఇంట్లో అక్క, ఆమె కూతురు ఇద్దరే. పొద్దున్నే ఇంత చాయ తాగి, బీడీల చేట ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే, ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, పొద్దు గుంకేదాకా వంచిన మెడ ఎత్తేది కాదు. నలభై రాకముందే ఆమె మెడ, నడుము, రెండు బొటనవేళ్లు నొప్పుల పాలయ్యాయి. ఒకసారి తలనొప్పికని నేను తెచ్చి ఇచ్చిన గోళీ వేసుకుంటే ఆ పూట వేళ్ల నొప్పి కూడా తగ్గింది. అట్ట మీద ఆస్పిరిన్ అని ఇంగ్లీషులో రాసి ఉండేది. మాకు మాత్రం అది నొప్పి గోళీయే.

“ఈ గోళి ఏస్కుంటెనే తమ్మీ, నా చెయ్యి నా మాట ఇంటది,” అనేది అక్క.

ఆ మాట నాకు ఎంతో గొప్పగా అనిపించేది. ఆమె చెప్పగా విని వాడలోని మరో పది మంది ఆడవాళ్లు కూడా తెమ్మన్నారు. లింగంపేట స్టేజీలో బస్సు ఆగగానే కిటికీ దగ్గరికి చేతులు వచ్చేవి, నేను పొట్లాలు అందించేవాణ్ణి. వాళ్లకు మేలు చేస్తున్నానన్న నమ్మకంతో రాత్రి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

అక్కకు పొద్దున ఒకటి, పడుకునే ముందు ఒకటి అనుకున్నది మెల్లమెల్లగా రోజుకు ఆరయింది. చాలాసార్లు వట్టి చాయ మీదనే వేసుకునేది, ఎందుకంటే తిండికి లేస్తే పని ఆగుతుంది. అట్లా మూడేళ్లు గడిచాయి. ఒకనాడు గోళీలు అందుకుంటూ, కడుపులో మండుతోందని చెప్పింది. “వారం సంది దొడ్డికి తారు లెక్క నల్లగ అయితుందిరా, తంబాకు దుమ్ము కడుపులకు పోతుందేమో,” అంది. ఎండలకు వేడి చేసి ఉంటుంది, మజ్జిగ తాగమని చెప్పి, పొట్లం చేతిలో పెట్టి రైటు అన్నాను.

నాలుగు రోజుల తరువాత అక్క తనే బస్సెక్కింది, కామారెడ్డిలో చూపించుకుంటానని. మొహం సున్నం కొట్టినట్టుంది. తాడ్వాయి దాటాక కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వాంతి చేసుకుంది, మొదట చాయపత్తి మడ్డిలాగా, తరువాత ఎర్రగా. డ్రైవరన్న అద్దంలో చూసి, ఆ తరువాత ఏ స్టేజీలోనూ బస్సు ఆపలేదు. దిగవలసినవాళ్ల ఊళ్లు వెనక్కి వెళ్లిపోతున్నా ఒక్కరూ ఆపమనలేదు. బస్సును నేరుగా కామారెడ్డిలో ఒక డాక్టరమ్మ దవాఖాన ముందు నిలబెట్టాడు.

డాక్టరమ్మ ఒకపక్క సెలైను ఎక్కిస్తూనే నన్ను అడిగింది. ఈమె ఏ మందులు వాడుతున్నది, రోజుకెన్ని, ఎన్నేళ్ల నుంచి, తిన్నాకనా తినకముందా, ఎవరు తెచ్చి ఇస్తున్నారు. చివరిదానికి నేనే అన్నాను. ప్రయాణికుడు దిగే ఊరి పేరు చెప్పినట్టుగా చెప్పాను.

అక్కడి నుంచి నిజామాబాద్ పెద్ద దవాఖానకు పంపితే, రెండు సీసాల రక్తం ఎక్కించాక అక్క బతికింది. కామారెడ్డికి తిరిగి చూపించడానికి వచ్చినప్పుడు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. గోళీ చెడ్డది కాదట. అడిగి వాడినవాళ్లకు అది మేలే చేస్తుందట. కాని రోజూ, ఎడతెరిపి లేకుండా, పరగడుపున వేసుకుంటే కడుపు లోపలి పొరను తినేస్తుందట. పైగా రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కాబట్టి పుండు పడితే కారుతూనే ఉంటుందట. కడుపులో మంట ఉన్నా, దొడ్డికి నల్లగా అయినా అదే రోజు మానేసి డాక్టరు దగ్గరికి రావాలట. రెండు రకాల నొప్పి గోళీలు కలిపి మింగకూడదట. జ్వరమొచ్చిన పిల్లలకు ఇవ్వనే ఇవ్వకూడదట. అక్కను మాత్రం ఇక జన్మలో ఈ రకం గోళీలు ముట్టుకోవద్దంది. నొప్పికి వేరే మందు కొద్దిగా రాసి, ఉప్పు మూటతో కాపడం పెట్టుకోమని, గంటకోసారి లేచి తిరగమని చెప్పింది.

ఆ తరువాత లింగంపేట స్టేజీలో కిటికీ దగ్గరికి వచ్చిన చేతులకు నేను ఏమీ ఇవ్వలేదు. డాక్టరమ్మ చెప్పినవన్నీ వాళ్లకు ఒప్పజెప్పాను. ఒక పెద్దావిడ చివరిదాకా ఓపిగ్గా విని, “తేకుంటె తేకుంటివి గని కొడుకా, ఈ నొప్పులనన్న బస్సుల ఏస్కపో,” అంది. కోపంగా కూడా అనలేదు. నేను రైటు అన్నాను. బస్సు కదిలింది.

అక్క మానేసిందనే అనుకున్నాను. వెళ్లినప్పుడల్లా వేసుకోవట్లేదు కదా అని అడిగేవాణ్ణి, లేదురా అనేది. ఏడాదిన్నర గడిచాక ఒక మధ్యాహ్నం చేట ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. ఈసారి జీపులో నిజామాబాద్ చేరేసరికే అంతా అయిపోయింది. దినాల తరువాత ఇల్లు సర్దుతుంటే కత్తిరించిన ఆకు కట్టల కింద ఒక పొట్లం దొరికింది. అందులో రెండు రకాల నొప్పి గోళీలు, కిరాణా కొట్లో కొన్నవి. మేనకోడలు నా చేతిలోని పొట్లాన్ని చూసి తల దించుకుంది.

“నీకు చెప్పొద్దన్నది మామా. తమ్ముడు మనసుల పెట్టుకుంటడు, నొప్పి లేదనే చెప్పు అన్నది.”

మస్కట్ నుంచి బావ వచ్చి ఏడ్చాడు, వాడంతా ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. దినాలు అయిన మరునాడే డ్యూటీకి వెళ్లి టికెట్లు కొట్టాను. చిల్లర కూడా తప్పు పోలేదు. కొన్నాళ్లకు అదే వస్తుందిలే అనుకున్నాను, రాలేదు. తిమ్మిరెక్కిన కాలును గిల్లితే తెలియనట్టు, ఆమె ఫొటో చూసినా, పేరు తలచుకున్నా లోపల ఏమీ కదలదు.

ఇప్పుడు ఆ దారిలో కండక్టరుకు వస్తువులు చెప్పేవాళ్లు లేరు. ఎవరికి కావలసింది వాళ్లే ఆటోల్లో వెళ్లి తెచ్చుకుంటున్నారు. బీడీలు చుట్టే ఇండ్లు బాగా తగ్గాయి. మందు ఇచ్చేవాళ్లు నాలుగు మాటలు అడిగి ఇస్తున్నారు. మంచిదే. మొదట నేను గోళీలు తెచ్చాను, తరువాత తేవడం మానేశాను. రెండూ నాకు కష్టం కాని పనులే. గోళీ లేకుండా ఆ వేళ్లతో రోజంతా ఎట్లా చుడుతున్నావక్కా అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదో. ఏదో ఒకటి చెప్పేదే, ఆమె నా దగ్గర మాట దాచే మనిషి కాదు, నేను గోళీలు తేవడం మానేసేదాకా.