హమీదా ఖాలా చెప్పిన ‘లేదు’

నాగర్‌కర్నూల్‌లో నేను నర్సుగా పనిచేసే కంటి ఆసుపత్రి వెనక ఒక చిన్న హోటల్ ఉంది. మధ్యాహ్నం కాగానే వాళ్ళు పప్పుకు తాలింపు పెడతారు. ఎండుమిర్చి, వెల్లుల్లి ఘాటు కిటికీలోంచి లోపలికి రాగానే వరండాలో కూర్చున్న రోగులంతా దగ్గడం మొదలుపెడతారు. దగ్గుతూనే ఆకలి గుర్తొచ్చి ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. నాకు మాత్రం నవ్వు రాదు. ఎవరి దగ్గు ఎప్పుడు ఆగుతుందో చెవిపెట్టి వింటాను. ఘాటు పోయాక కూడా దగ్గుతున్న మనిషి పక్కకు వెళ్ళి కూర్చుంటాను. చూసేవాళ్ళకు ఇదేం పిచ్చి అనిపిస్తుంది. ఈ పిచ్చి నాకు హమీదా ఖాలా పోయిన తర్వాత పట్టుకుంది.

వనపర్తిలో నర్సింగ్ చదివే రోజుల్లో ఆమె మెస్సు పైన ఉన్న గదిలో అద్దెకుండేదాన్ని. ఖాలా అంటే చిన్నమ్మ. కాలేజీ పిల్లలు, ఆర్టీసీ డ్రైవర్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళు. మాది ఆత్మకూరు దగ్గర పల్లెటూరు, వ్యవసాయం. నేను ఎక్కడ తింటున్నానో చూడాలని మా అమ్మ ఒకసారి ముఖం ముడుచుకునే వచ్చింది. ఖట్టీ దాల్‌తో రెండోసారి అన్నం పెట్టించుకుని, చింతపండు ఎప్పుడు పోస్తారో అడిగి తెలుసుకుని మరీ బస్సెక్కింది. ఖాలాకు పిల్లలు లేరు. గద్వాలలో ఉండగా భర్త కిడ్నీలు చెడిపోయి చనిపోయాడని, ఆ తర్వాత వనపర్తి వచ్చి పొయ్యి వెలిగించానని చెప్పేది. అంతకుమించి ఆ రోజుల ఊసెత్తేది కాదు.

మనుషుల దగ్గర మాట రాబట్టడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఒకసారి డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు వరసగా సగం తిని లేచిపోతున్నాడు. ఏమైందిరా అని స్నేహితులు వెంటపడితే విసుక్కున్నాడు. ఖాలా కూరగాయల బుట్ట తెచ్చుకుని అతని పక్కన కూర్చుని, చిక్కుడుకాయలు ఒలుస్తూ మీ ఊర్లో వాన పడిందా అని అడిగింది. వానలోంచి పొలంలోకి, పొలంలోంచి ఇంట్లోకి మాట నడిచింది. చివరికి ఆ అబ్బాయి పరీక్ష తప్పానని, ఇంట్లో పాసయ్యానని చెప్పానని ఏడ్చాడు. తర్వాత గిన్నెలు సర్దుతూ ఆమె నాతో అన్నది: “ఎదురుంగ నిలవడి అడిగితె మనిషి తలుపు పెట్టుకుంటడు బిడ్డ. పక్కకు కూసోని అడగాలె.” మా కాలేజీలో ఏ పుస్తకంలోనూ ఈ పాఠం లేదు.

నేను చదువు ముగించి ఉద్యోగంలో చేరిన ఏడాది ఆమె కుడికన్ను ఎర్రబడింది. పొగ వల్ల, ఉల్లిగడ్డల వల్ల, వేడి చేసిందని, కండ్లకలక అని తలా ఒక మాట అన్నారు. మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటే తగ్గేది, మానేస్తే తిరగబెట్టేది. కొన్నాళ్ళకు ఎడమకన్నూ అదే దారి పట్టింది. వెలుతురు చూడలేక పగలే తలుపులు వేసుకుని వండేది. ఒకరోజు మరుగుతున్న గంజిని నీళ్ళనుకుని చెయ్యి పెట్టింది. ఆ కాలిన చేతిని చూశాక ఆమె మాట వినకుండా హైదరాబాదు తీసుకుపోయాను.

అక్కడ పెద్ద డాక్టర్ గారు చాలా పరీక్షలు చేయించారు. కంటి లోపలి పొర వాచిందని, ఎందుకు వాచిందో తెలియడం లేదని చెప్పారు. కారణం తెలియదని ఒక డాక్టర్ నోటి వెంట వినడం ఖాలాకు అదే మొదటిసారి. ఆయన ఓపికగా విడమరిచారు: “ఒంట్లో మనల్ని కాపాడే కణాలు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి కొన్ని అణువుల్ని వదులుతాయమ్మా. దొంగ పడ్డాడని వీధిలో కేక వేసినట్టు. మీ కంట్లో దొంగ మాకు కనబడలేదు. కేక మాత్రం ఆగడం లేదు.”

“దొంగ లేకుంటె ఎవర్ని కొడుతున్నరు సార్?” అన్నది ఖాలా.

“మీ కన్నునే కొడుతున్నాయి.”

“మన ఇంటోళ్ళే గిట్ల జేస్తే ఎవరికి జెప్పుకోవాలె,” అని ఖాలా నావైపు తిరిగి అన్నది. పుస్తకంలో ఆ అణువుల్ని సైటోకైన్లు అని చదివి మార్కులు తెచ్చుకున్న విషయం, ఎదుటి మనిషి చూపును తినేస్తుంటే అది వేరు.

స్టెరాయిడ్ మాత్రలతో వాపు తగ్గింది కానీ ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది. మాత్ర తగ్గించగానే కన్ను మళ్ళీ ఎర్రబడేది. ఇలా లాభం లేదని, ఆ కేకల్లో ముఖ్యమైనదాన్ని ఒకదాన్ని ఆపే ఇంజెక్షన్ ఉందని డాక్టర్ గారు చెప్పారు. ఇచ్చే ముందు ఒంట్లో టీబీ దాగి లేదని తేల్చుకోవాలన్నారు. ఎక్స్‌రే తీయించారు, చేతికి సూది వేసి చూశారు, రెండింటిలోనూ ఏమీ కనబడలేదు. స్టెరాయిడ్లు వాడేవాళ్ళలో సూది పరీక్ష ఒక్కోసారి పట్టివ్వదని, అందుకే నోటితో కూడా అడుగుతున్నానని ఆయన స్పష్టంగా చెప్పారు. “మీకుగానీ, ఇంట్లో ఎవరికైనాగానీ ఎప్పుడైనా టీబీ వచ్చిందా?”

“లేదు సార్,” అన్నది ఖాలా. నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. ఆమె రెప్ప కూడా కొట్టలేదు.

ఇంజెక్షన్ పనిచేసింది. పనిచేసింది అంటే మామూలుగా కాదు. కొన్ని వారాల్లోనే తలుపులు తెరిచింది. నేను సెలవు రోజు వనపర్తి వెళితే నా గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి, “గీ మచ్చ ఎప్పటిది?” అని అడిగింది. అది చిన్నప్పటిది. ఇన్నేళ్ళూ చూడనే లేదా అని ఏడిపించాను. ఆ రోజు ఆమె బియ్యంలో రాళ్ళు తనే ఏరింది, ఎవరినీ ముట్టనివ్వలేదు. అంత సంతోషం ఆమె ముఖంలో నేను అంతకు ముందు చూడలేదు.

ఆ సంతోషంలో దగ్గును ఎవరూ పట్టించుకోలేదు. వంటగదిలో దగ్గని వాళ్ళెవరు? తాలింపు వేస్తే మెస్సు మెస్సంతా దగ్గుతుంది. మనిషి చిక్కితే స్టెరాయిడ్ ఉబ్బు దిగుతోందని అందరం మురిసిపోయాం. సాయంత్రాలు జ్వరం వస్తోందని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒక ఉదయం పిండి కలుపుతూ కలుపుతూ పక్కకు ఒరిగిపోయిందని ఫోను వచ్చింది.

సర్కారు దవాఖానలో స్కాను తీస్తే ఊపిరితిత్తుల నిండా, కడుపులో కూడా టీబీ. వెంటనే హైదరాబాదు డాక్టర్ గారికి ఫోను చేశాను. మేము ఆపిన కేక కన్నును పాడుచేస్తున్న మాట నిజమే, కానీ ఒంట్లో ఎక్కడో నిద్రపోతున్న టీబీ చుట్టూ కావలి కాస్తున్నదీ అదే అన్నారు. కావలి తీసేశాక అది లేచింది. “ఇంట్లో ఎవరికైనా ఉండి, ఆ సంగతి అప్పుడే చెప్పి ఉంటే, ముందు కొన్ని నెలలు మాత్రలు ఇచ్చి, తర్వాత ఇంజెక్షన్ మొదలుపెట్టేవాళ్ళం. అంతేనమ్మా,” అన్నారు. అసలు ఆ కంటివాపుకు మూలం కూడా టీబీయేనేమో, ఇప్పుడు తేల్చలేమన్నారు. కారణం తెలియదని మేమంతా నమ్మిన జబ్బుకు కారణం ఆమె నోటి వెనకే ఉండి ఉండవచ్చన్న మాట.

ఖాలా మంచం పక్కన కూర్చున్నాను కానీ టీబీ ఊసెత్తలేదు. బత్తాయి ఒలుస్తూ, గద్వాలలో మీ ఇల్లు కోటకు ఎంత దూరం ఖాలా అన్నాను. ఆమె నావైపు చూసి కొంచెం నవ్వింది. నేను ఏం చేస్తున్నానో ఆమెకు తెలుసు.

“మా ఆయనకు కిడ్నీలు కాదు బిడ్డ,” అన్నది. “టీబీ. కంచం ఏరే, గిలాస ఏరే. నేనే అన్నం పెట్టిన, నేనే కడిగిన. చుట్టాలు గడప తొక్కలే. పోయినంక గుసుల్ జేపియ్యనీకి గూడ మనుషులు దొర్కలే.”

గుసుల్ అంటే ఆఖరి స్నానం. నేను బత్తాయి పక్కన పెట్టేశాను.

“డాక్టర్ సార్ అడిగిండు గద ఖాలా.”

“అడిగిండు. లేదన్న. గా మాట బయటకొస్తె మెస్సుల నా చేతి ముద్ద ఎవరు తింటరు? చూపు లేకుంటె వండుడు లేదు, టీబీ అంటె తినుడు లేదు. నేను ఏం జెయ్యాలె?”

“ఆయన ఎవరికీ చెప్పడు. నేను ఎవరికీ చెప్పను.”

“నాకేం తెలుసు,” అన్నది. “నన్ను గిట్ల పక్కకు కూసోని ఎవరన్న అడిగిన్రా.”

మందులు మొదలుపెట్టారు కానీ ఒళ్ళు అప్పటికే ఓడిపోయింది. చివరిదాకా ఆమె కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. వచ్చినవాళ్ళను దూరంనుంచే గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచింది. అంత చక్కటి కళ్ళతో ప్రాణం పోయిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. ప్రేమ తగ్గలేదు కాబట్టి కోపమూ తగ్గడం లేదు. భయపడిందని తెలుసు, భయానికి కారణం ఉందనీ తెలుసు, అయినా ఒక్క మాట నా చెవిలో వేసి ఉంటే బతికేది కదా అనుకుంటాను. గుసుల్‌కు మెస్సులో తిన్న ఆడవాళ్ళు, వాళ్ళ తల్లులు నిలబడటానికి చోటు లేనంతమంది వచ్చారు. ఏ జబ్బుతో పోయిందో అప్పటికి అందరికీ తెలుసు.

మా ఆసుపత్రికి వారానికోసారి హైదరాబాదు నుంచి డాక్టర్ వస్తారు. కంటివాపుకు ఆ ఇంజెక్షన్ అవసరమైన వాళ్ళతో ముందు నేను మాట్లాడతాను. మొన్న ఇటిక్యాల నుంచి ఒక రైతు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. చూపు మసకై ట్రాక్టరు నడపలేకపోతున్నాడు, ఇంజెక్షన్ ఈరోజే వేయమని తొందర. ఇంట్లో టీబీ ఎవరికైనా అని వాళ్ళను అప్పటికే అడిగారు, లేదన్నారు. నేను ఆ తల్లి పక్కన బెంచీ మీద కూర్చుని, మిరప ఎట్లా వచ్చిందని అడిగాను. కోడలి గురించి, కోళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత మెల్లగా, “మీ ఇంట్ల ఎప్పుడన్న ఎవరికన్న కంచం ఏరే పెట్టిన్రా అమ్మా?” అన్నాను.

ఆమె కొడుకు వైపు చూసింది. అతను బయట మందుల కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నాకు మాత్రమే వినబడేలా, “వాళ్ళ నాయినకు,” అన్నది. “పిల్లగానికి తెల్వదు.”

ఆ రోజు అతనికి ఇంజెక్షన్ వేయనివ్వలేదు.