రేకుమొహం వెనక మొహం

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఎప్పుడూ చులకనే. తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో ఎవరైనా "మా పాత అపార్ట్‌మెంట్‌లో ఒకసారి ఏమైందంటే" అని మొదలుపెడితే ప్లేటు పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. చదువుకుని, ఏళ్ళ తరబడి సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తూ, ఇలాంటివి చెప్పడానికి నోరెలా వస్తుందా అనుకునేవాణ్ణి. ఇప్పుడు నేనే రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. నేనైతే ఇంకా గట్టిగా నవ్వేవాణ్ణి.

ఇందులో దయ్యం లేదు. ఒక గుమ్మడికాయ ఉంది, మా అమ్మాయి హంస ఉంది, నేనున్నాను. ముగ్గురిలో సిగ్గుపడాల్సింది నేనొక్కణ్ణే.

మేముండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. పది నిమిషాల దూరంలో నా తోడల్లుడు ప్రసాద్ ఉంటాడు. మా ఆవిడ వసుధ చెల్లెలి భర్త. నలభై దాటినవాడు. అక్టోబరు వచ్చిందంటే అతనికి ఒక పిచ్చి. వీడియో గేముల్లో విలన్లుంటారు కదా, కొమ్ములవాళ్ళు, కోరలవాళ్ళు, వాళ్ళ మొహాలను హాలోవీన్ పండక్కి గుమ్మాల ముందు పెట్టే గుమ్మడికాయల మీద చెక్కుతాడు. అందరిలా మూడు కన్నాలు పొడిచి దీపం పెట్టడం కాదు. పైతొక్క గీకేసి, కండను ఒక్కోచోట ఒక్కో మందంలో పలచన చేస్తాడు. పలచగా ఉన్నచోట లోపలి దీపం వెలుగుతుంది, మందంగా ఉన్నచోట నీడ పడుతుంది. పగటిపూట చూస్తే ఎలుక కొరికిన కాయలా ఉంటుంది. చీకట్లో దీపం పెడితేనే మొహం తేలుతుంది.

ఒక్కో కాయకు పదేసి గంటల పని. ఇక్కడి ఎండకు నాలుగైదు రోజుల్లో అది మెత్తబడి, మొహం లోపలికి జారిపోతుంది. కుళ్ళిపోయే కాయ మీద అన్ని గంటలు పోసే మనిషిని ఏమనాలి? నేను చాలా అన్నాను, అతని ఎదుటే. "ఏమోయ్ శిల్పీ, సాంబార్లోకి ఓ చెవి పంపించు" అనేవాణ్ణి. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వును కూడా చేతకానితనం కిందే జమ కట్టాను.

హంసకు పదమూడేళ్ళప్పుడు ఆ పిచ్చి తనకూ అంటుకుంది. బాబాయి దగ్గరే నేర్చుకుంది. తను ఆడే గేములో ఒక విలన్ ఉన్నాడు. ఎప్పుడూ ఇనుప ముసుగులో ఉంటాడట, ఆట అయిపోయినా తియ్యడట. వాడి పేరు మా ఇంట్లో వందసార్లు వినిపించి ఉంటుంది, నాకు ఒక్కసారీ ఎక్కలేదు. "రేకుమొహం" అనేవాణ్ణి.

ఆ ముసుగు కింద ఎలాంటి మొహం ఉంటుందో హంస ఊహించి నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకుంది. నల్లట్ట, ఎలాస్టిక్ పట్టీ ఉన్న నోట్‌బుక్. రెండు వారాలపాటు అది ఇల్లంతా తిరిగింది. డైనింగ్ టేబుల్ మీద, కారు సీట్లో, ఓ రోజు నా లాప్‌టాప్ మీదే. "నాన్నా, ఒక్కసారి చూడవా?" అంది. మీటింగ్ ఉందన్నాను. ఇంకో రోజు అడిగింది. ఫోన్‌లోంచి తలెత్తకుండానే తర్వాత అన్నాను. లాప్‌టాప్ మీద ఉన్నదాన్ని తీసి పక్కన పడేశాను. పట్టీ కూడా విప్పలేదు.

ఆ ఏడు మా కాలనీలో గుమ్మడికాయల పోటీ ఆదివారం సాయంత్రం పెట్టారు. ముందు రోజు మధ్యాహ్నం హంస గరాజ్‌లో పని మొదలుపెట్టాలి. అక్కడ నా అవసరం పడింది. వసుధకు ఒక పట్టింపు ఉంది. ఆడవాళ్ళు నిండు గుమ్మడికాయను ముందుగా కొయ్యకూడదు, మగవాడు ఓ గాటు పెట్టాకే ముట్టుకోవాలి. వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చింది. హాలోవీన్ కాయకూ అదే రూలు. ప్రసాద్ అక్కడే ఉన్నా, ఇంటి మగవాణ్ణి నేను కాబట్టి నన్ను పిలిచారు.

వెళ్ళాను. హంస కాయను శుభ్రంగా తుడిచి, ఒక వైపు ముసుగు నమూనా కాగితం అతికించి పెట్టుకుంది. తొడిమ దగ్గర ఒక గాటు పెట్టి వచ్చేస్తే సరిపోయేది.

"రెండు వారాలు దీనికేనా?" అన్నాను. "మ్యాథ్స్‌లో బీ గ్రేడ్ తెచ్చుకుని కూరగాయల మీద రేకుమొహాలు! ఇంత ఓపికుంటే వంటింట్లో మీ అమ్మకి ముక్కలు కోసిపెట్టు, కనీసం తింటాం."

"నాన్నా, జస్ట్ కట్ ఇట్. ప్లీజ్."

"ఊరుకో అన్నయ్యా, చిన్నపిల్ల," అన్నాడు ప్రసాద్.

"దాన్ని చెడగొడుతున్నదే నువ్వు. నీకెలాగూ పనిలేదు."

ఆ వేసవిలో అతని ఉద్యోగం పోయింది. తెలిసే అన్నాను.

హంస చేతి గ్లవ్స్ తీసి బల్ల మీద పెట్టింది. "దెన్ యూ డూ ఇట్. నీకు ఈజీ కదా" అని నోట్‌బుక్ తీసుకుని వెళ్ళి ప్రసాద్ కారెక్కింది. గుమ్మంలో నిలబడ్డ వసుధ నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

నాకు పంతం వచ్చింది. ఇందులో విద్యేమీ లేదని రుజువు చేద్దామనుకున్నాను. పైన మూత కోసి గుజ్జంతా తీసేశాను. కాగితం లేని రెండో వైపుకు తిప్పాను. హంస పనిముట్లలో తీగను ఉంగరంలా వంచి పిడికి బిగించింది ఒకటుంటుంది, తొక్క గీకడానికి. చెక్కడానికి అదొక్కటే వాడాను. వెకిలిగా పళ్ళికిలించే మొహం ఒకటి గీకుదామని నా ఉద్దేశం. నాకు బొమ్మలు రావు. నేను ఆవును గీస్తే కుర్చీ అనుకుంటారు. ముప్పావు గంట ఇష్టమొచ్చినట్టు గీకి, గరాజ్ తలుపు దించి, లోపల బ్యాటరీ దీపం పెట్టాను.

ఇకిలింపు లేదు. ఏడుపు ఆపుకుంటున్న మొహం కనిపించింది. పెదవి ఒక పక్కకు లాక్కుపోయి ఉంది. ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉంది. ముక్కు కొంచెం కుడికి వంగింది. ఆడో మగో, ఎంత వయసో చెప్పలేం. కానీ ఎవరో ఒక మనిషి.

భయమేమీ వెయ్యలేదు. గర్వం వేసింది. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. "రెండు వారాల కళ, నలభై ఐదు నిమిషాల్లో" అని రాశాను. నా కూతురు చదువుతుందని తెలిసే రాశాను.

పావుగంటలో ప్రసాద్ కారు తిరిగొచ్చింది. హంస పరుగెత్తుకుంటూ వచ్చి నోట్‌బుక్ తెరిచి కాయ పక్కన పట్టుకుంది. అదే మొహం. పోలిక ఉందనడం లేదు. ప్రసాద్ రెండింటినీ ఫొటో తీసి, ఫోన్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. కనుబొమ తెగినచోటే తెగింది. పెదవి లాగినంతే లాగింది. అతను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

"నువ్వు చూశావు," అంది హంస. "నా బుక్ చూశావు నాన్నా! యూ యాక్చువల్లీ లుక్డ్!" కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు.

చూడలేదు అనడానికి ఒక్క మాట చాలు.

"ఆఁ, చూశాను," అన్నాను.

"ఎప్పుడు?"

"నువ్వు పడుకున్నాక."

ఆ తర్వాత ఏడాదంతా ఆ అబద్ధం మీద బతికాను. వేసిన ప్రతి బొమ్మా తెచ్చి చూపించేది. స్నేహితులకు "మై డాడ్ కార్వ్డ్ దిస్" అని చెప్పుకునేది. భోజనాల దగ్గర నా పక్క కుర్చీలోకి మారింది. ప్రసాద్‌ను పనికిమాలినవాడన్న నేను, నాది కాని ప్రేమను రోజూ కడుపునిండా తిన్నాను. ఇంతకన్నా నీచమైన పని ఏముంటుందో నాకు తెలియదు.

ఓరకంట ఎప్పుడో చూసే ఉంటావని వసుధ అంటుంది. ఆమెకు మాత్రం ఆ వారమే నిజం చెప్పాను. కానీ హంస పుస్తకం తెరిచినప్పుడల్లా నా కళ్ళు ఫోన్‌లోనే ఉన్నాయి. చూడలేదనడానికి నా దగ్గరున్న రుజువు నా నిర్లక్ష్యమే, అది మాత్రం గట్టి రుజువు.

ఈ అక్టోబరులో ఓ ఉదయం హంసను స్కూల్లో దింపుతున్నాను. కార్ల వరస మెల్లగా కదులుతోంది. "ఈసారి కూడా నేను పడుకున్నాకే చూస్తావా?" అంది నవ్వుతూ. ఇంక నావల్ల కాలేదు.

"నేను చూడలేదమ్మా. ఎప్పుడూ చూడలేదు. నువ్వు అడిగినా చూడలేదు."

తను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"ఐ నో," అంది.

ముందు కారు కదిలినా నేను బ్రేకు మీంచి కాలు తియ్యలేదు.

"నా బుక్‌లో ఆ ఫేస్‌కి లెఫ్ట్ ఐ కింద త్రీ డాట్స్ ఉన్నాయి. అవి ఆ రోజు బాబాయ్ వాళ్ళింట్లో పెట్టాను. ఏడుస్తూ, బాబాయ్ పెన్‌తో. నీ పంప్‌కిన్ మీద కూడా ఉన్నాయి. ఆ నైట్ పడుకున్నాక గుర్తొచ్చింది. సో, యూ కుడ్‌న్ట్ హావ్ సీన్ ఇట్."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?"

"నువ్వే చెప్తావేమో అని."

వెనక కారువాడు హారన్ కొట్టాడు. తను దిగి వెళ్ళిపోయింది.

పక్క షాపుల పార్కింగ్‌లో కారు ఆపి ఫోన్‌లో ఆనాటి ఫొటో వెతికి తీశాను. పెద్దది చేసి చూశాను. ఎడమ కంటి కింద మూడు చుక్కలున్నాయి, సూదితో పొడిచినట్టు, సన్నగా వెలుగుతూ. ఆ రోజు నా చేతిలో ఉన్న తీగ ఉంగరం గీకుతుందే గాని పొడవదు. చుక్కలు పెట్టిన జ్ఞాపకం నాకు లేదు. ప్రసాద్‌కు ఫోన్ చేశాను. మొదట అతన్ని అన్న మాటకు క్షమాపణ చెప్పాను, తర్వాత చుక్కల సంగతి అడిగాను. ఆ రోజు తన వంటింటి బల్ల దగ్గర కూర్చుని హంస పెన్ను అడిగిందని, చుక్కలు పెడుతుంటే తను చూశాడని చెప్పాడు. అప్పటికి కాయా నేనూ పది నిమిషాల దూరంలో, మూసిన గరాజ్‌లో ఉన్నాం.

హంస ఇప్పుడు నాతో మామూలుగానే మాట్లాడుతుంది. బొమ్మలు చూపించడం మానేసింది. చూపించమని అడిగే మొహం నాకు లేదు.

మొన్న ఒక్కటి మాత్రం అడిగాను. ఆ మొహం అక్కడికి ఎలా వచ్చిందనుకుంటున్నావు అని.

"తెలీదు నాన్నా," అంది. "బట్ ఇట్ వాజన్ట్ యూ."

అంతకు మించి నాకూ తెలియదు.