విమానం తిరుపతిరావు

ఆ రోజుల్లో నందిగామలో విమానం ఎక్కిన మనిషి పత్తి వ్యాపారి తిరుపతిరావు ఒక్కడే. ఎక్కానని ఆయనే చెప్పుకున్నాడు, ఊరు నమ్మింది. నిజానికి ఒక మిల్లు యజమానిని మద్రాసుకు సాగనంపడానికి హైదరాబాదులో బేగంపేట విమానాశ్రయానికి వెళ్లి, కంచె ఇవతల నిలబడి చూసి, ఒళ్లు హూనమయ్యేలా బస్సులో తిరిగొచ్చాడు. కాఫీ హోటల్లో ఎవరో "మీరూ ఎక్కారా అండీ?" అని అడిగితే కాదనబుద్ధి కాలేదు. హైదరాబాదు నుంచి మద్రాసు రెండే గంటలన్నాడు. మబ్బులు దూదిపింజల్లా కాళ్ల కింద ఉంటాయన్నాడు. పత్తి వ్యాపారికి ఇంకేం తోస్తుంది మరి!

అరవై రెండు ఎండాకాలంలో ఆయన చిన్ననాటి స్నేహితుడు వీరరాఘవయ్య మంచం పట్టాడు. డాక్టరు పెదవి విరిచాడు. మద్రాసులో ఉన్న ఒక్కగానొక్క కూతురు భారతీదేవిని చూడాలని రోగి ఒకటే కలవరింత.

"ఈ రాత్రి మెయిలు రైలెక్కితే పొద్దున్నే బెజవాడలో దిగుద్ది. అట్టా టెలిగ్రాం కొట్టించండి," అంది వీరరాఘవయ్య భార్య పున్నమ్మ.

పదిమంది చుట్టూ ఉన్నాక తిరుపతిరావు నోరు ఊరుకుంటుందా?

"మెయిలేంటి చెల్లెమ్మా, విమానంలో రమ్మందాం. రెండు గంటల దారి. బావా, సాయంత్రానికి నీ కూతురు నీ ముందుంటది."

టెలిగ్రాం అలాగే వెళ్లింది. ఆ రోజు విమానంలో చోటు లేదు. రెండు గంటలే కదా అని ఆమె మెయిలెక్కకుండా ఆగితే మర్నాడు దొరికింది కానీ అది దించింది హైదరాబాదులో. అక్కణ్ణుంచి మళ్లీ నందిగామకు బస్సు. తాను నడుములు పట్టుకుంటూ వచ్చిన ఆ దారి తిరుపతిరావుకు గొప్పల్లో గుర్తే రాలేదు. వీరరాఘవయ్య అదే రోజు మధ్యాహ్నం దాకా తెలివిగానే ఉండి కన్నుమూశాడు. మెయిల్లో వచ్చుంటే కూతురు తండ్రితో మాట్లాడేది. ఎండల్లో శవాన్ని ఎంతసేపని ఉంచుతారు? ఆమె వచ్చేసరికి దహనం అయిపోయింది.

పెద్దకర్మ నాడు పందిట్లో చుట్టాలు పైకే అనేశారు. "రెండు గంటల దారికి రెండు రోజులా? రావడం ఇష్టం లేదని చెప్పొచ్చుగా!" అప్పటికే పున్నమ్మ కూతురితో మాట్లాడటం మానేసింది. భారతీదేవి తలవంచుకుని విస్తళ్లు వేస్తోంది.

"ఎక్కినోళ్లు మీరే చెప్పండి తిరుపతిరావు గారూ," అన్నాడు వీరరాఘవయ్య తమ్ముడు జగన్నాథరావు.

తిరుపతిరావుకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఇంకొక్క అబద్ధం ఆడితే తన పరువు దక్కుతుంది. ఆ పిల్లకు మాత్రం తల్లి దక్కదు. ఆయన లేచి నిలబడ్డాడు.

"నేనెక్కలేదు. ఎన్నడూ ఎక్కలేదు. కంచె బయట నుంచి చూసొచ్చా, అంతే. అమ్మాయి తప్పేం లేదు చెల్లెమ్మా. నాదే."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది. పున్నమ్మ వెళ్లి కూతురి చేతిలోని విస్తళ్లు తీసుకుని పక్కన పెట్టి, ఆమెను దగ్గరికి పొదువుకుంది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"మీరు రెండు గంటలన్నాక ఆయన మంచినీళ్లు కూడా ముట్టలా అన్నయ్యా. అమ్మాయొచ్చి పోస్తే తాగుతానన్నారు."