ఒక్నం తొడలమీది గుంటలు

కొరియాలోని పుసాన్‌లో ఆడవాళ్ళ స్నానశాలలో పాతికేళ్ళుగా ఒళ్ళు రుద్దుతున్నాను. ఎవరి ఒంటిమీద ఏ మచ్చ ఉందో వాళ్ళ మొగుళ్ళకంటే నాకే బాగా తెలుసు. ఎండుచేపలమ్మే ఒక్నం మాత్రం తొడలమీంచి తువ్వాలు తియ్యనిచ్చేది కాదు.

ఓ ఆదివారం ఆ తువ్వాలు జారిపోయింది. రెండు తొడలమీదా కోడిగుడ్డు పట్టేంత గుంటలు! నా నోరు ఊరుకుంటుందా?

"ఏమే దొంగా! కొవ్వు కరిగించుకుని మాకు చెప్పవా? ఏ క్లినిక్కే?" అని అరిచాను. వేడినీళ్ళ తొట్టిలో ఉన్నవాళ్ళంతా విరగబడి నవ్వారు.

ఒక్నం ఏడ్చేసింది. చిన్నప్పటినుంచీ షుగరట. "ఇన్సులిన్ పొడుచుకున్న చోటల్లా కొవ్వు పోతోందక్కా. ఒకేచోట పొడుస్తున్నావని నర్సు తిట్టింది. మార్చి మార్చి పొడుస్తున్నప్పుడే మొదలైందంటే నమ్మలేదు. ఇప్పుడు గుంటలో నొప్పెయ్యదని అక్కడే పొడుచుకుంటున్నా."

"నొప్పి లేకపోతే ఇంకేం, అక్కడే కానీ," అన్నాను. పెద్ద డాక్టర్ని మరి!

మూడువారాల తర్వాత తొట్టి గట్టుమీద కూర్చుని ఆమె చెమటలు కక్కుతోంది. స్నానశాలలో చెమట పట్టనిదెవరికి? ఎవరూ పట్టించుకోలేదు. పలకరిస్తే మాట ముద్దముద్దగా వచ్చింది, చేతులు వణుకుతున్నాయి. అయ్యో, షుగర్ పడిపోయింది! చల్లటి సిక్యే సీసా తెచ్చి, ఆ తియ్యటి బియ్యపు నీళ్ళు గుక్కగుక్కా తాగించి, ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

"గుంటలో పొడిస్తే మందు ఒకరోజు ఒంటికి పట్టదు, ఇంకోరోజు ఒక్కసారిగా పట్టేస్తుంది," అన్నాడు డాక్టరు. "గుంటలు పడటంలో ఈవిడ తప్పేం లేదు. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఇన్సులిన్‌ను శత్రువనుకుని, అక్కడి కొవ్వును పాడుచేస్తున్నాయి."

ప్రాణం నిలబెట్టే మందుమీద ఒళ్ళే పగబట్టడమేమిటి? నా సలహా గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్సులిన్ రకం మార్చి, పొట్టమీద పొడుచుకోమన్నారు. కొత్త గుంట కనిపిస్తే వెంటనే రమ్మన్నారు.

మూడు నెలల తర్వాత ఒక్నం తువ్వాలు లేకుండా వచ్చి నా బల్లమీద పడుకుంది. "ఎక్కడైనా రుద్దక్కా, ఇంక దాచేదేం లేదు," అని నవ్వింది.

తొడలు రుద్ది పొట్టమీదికి వచ్చాను. బొడ్డు పక్కన నా వేలు కొంచెం లోపలికి దిగింది. కంటికి ఆనేది కాదు, చేతికే తెలిసింది.

"ఏంటక్కా, ఆగిపోయావ్?"

ఆమె చెయ్యి తీసుకుని అక్కడ పెట్టాను. ఆమె నవ్వు ఆగిపోయింది.