లైట్ తీస్కో బ్రో

ఇవాళ సాయంత్రం రెజిమెంటల్ బజార్‌లో కుళాయి కొనుక్కుని బయటికొస్తే, నా స్కూటర్‌కి అడ్డంగా ఎవడో బైక్ పెట్టి తాపీగా ఛాయ్ తాగుతున్నాడు. తియ్యమన్నాను.

“జెర ఆగన్నా, రెండే నిమిషాలు. మనమంత అన్నదమ్ములమే గదా!”

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచేలోపే, పక్కనున్న నా సొంత తమ్ముడు అందుకున్నాడు: “పర్లేదు మామా, ఆరామ్‌గా తాగు.” నావైపు తిరిగి, “లైట్ తీస్కో బ్రో!”

మా గోదావరి ఇళ్లల్లో మామ అంటే అమ్మకి తోడబుట్టినవాడో, పిల్లనిచ్చినవాడో. ఎదురైతే లేచి నిలబడేవాళ్లం. వీడికి మాత్రం దారికి అడ్డంగా నిలబడ్డవాడు చాలు. చిన్నప్పుడు ‘అన్నయ్యా’ అంటూ నా చొక్కా పట్టుకు తిరిగింది వీడే!

మీ తమ్ముళ్లు మిమ్మల్ని ఏమని పిలుస్తున్నారండీ? నన్నయితే ఇవాళ నోరారా ‘అన్నా’ అన్నది, ఆ బైక్ అడ్డం పెట్టినవాడొక్కడే.