అలియాస్ కాదు, బాప్తిస్మం పేరు

బుధవారం పొద్దున నేను కొట్టు షట్టరు ఎత్తుతుండగా, ఎదురింటి టీచరమ్మ పోయారని మా ఆవిడ వచ్చి చెప్పింది. రోజూ ఆ వేళకు వాకిట్లో నీళ్లు చల్లే మనిషి ఇంకా బయటికి రాలేదని వెళ్లి చూసిందట. మంచం మీద పక్కకు తిరిగి పడుకున్నట్టే ఉన్నారట. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. రేపు కోర్టు వాయిదా ఉంది, ఇప్పుడెవరు పోతారు అన్న ఆలోచన వచ్చింది. చావు కబురు విన్నవాడికి ఇలాంటి ఆలోచన రావడమేమిటని మీరు అనుకోవచ్చు. ఆమె సంగతి చెబితే మీకే అర్థమవుతుంది.

మాది సూళ్లూరుపేటకు తూర్పున, పులికాట్ వైపు ఉన్న ఊరు. చుట్టూ రొయ్యల గుంటలే. ఆ గుంటల్లో నీళ్లను చిలికి రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్ల మోటార్లు బాగుచేయడం నా పని. ఆమె ఊరి బడిలో పనిచేసి రిటైరైన టీచరు. భర్త పోయాక ఒక్కరే ఉండేవారు. వాళ్లు క్రైస్తవులు, మేము ముసల్మానులం, మధ్యలో తారురోడ్డు. ఆదివారం వాళ్లింట్లో ప్రార్థన జరుగుతుండగా నేను మోటారు ఆడించి చూసేవాణ్ణి. కావాలని కాదు, గిరాకీ అలాంటిది. ఆమె గేటు దగ్గరికి వచ్చి, "ఏం సాయిబూ, నీ మోటారుకి కూడా రక్షణ కావాలంటనా? మాకంటే గట్టిగా అరస్తా ఉండాదే!" అనేవారు. నేను ఆపేవాణ్ణి. ప్రార్థన అయ్యాక ఆ ఇంటి నుంచి నాకు టీ వచ్చేది.

ఎసరు పెట్టే ముందు ఆమె కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా ఒక డబ్బాలో వేసేవారు. వాళ్ల సంఘంలో ఆడవాళ్లు చాలామంది చేసే పనే అది. వారం చివర ఆ బియ్యం చర్చికి పోతుంది. ఒకసారి నేను, మిగిలిన అన్నం ఎవరికైనా పెడితే సరిపోదా అన్నాను. "మిగిలింది పెడితే అది పారేసేది సాయిబూ. వండకముందే తియ్యాల. ఆ పూట మన కడుపుకి కాస్త తెలవాల" అన్నారు. ఆమె ఏ పని చేసినా ఇదే పద్ధతి.

ఊరి చివర కాలువ గట్టున యానాదుల కాలనీ ఉంది. మా వైపు ఎవరింట్లో ఏది పోయినా ముందు ఆ గుడిసెలే వెతుకుతారు. దొరికినా దొరక్కపోయినా నాలుగు దెబ్బలు మాత్రం వాళ్లకే. టీచరమ్మ ఆ పిల్లలను ఇళ్లకెళ్లి మరీ బడికి లాక్కొచ్చేవారు. అలా రాకపోకలు పెరిగి, అక్కడ కొన్ని కుటుంబాలు ఆమె చర్చిలో చేరాయి. కాలనీలో ఒక తాటాకుల ప్రార్థన పాక లేచింది. వాళ్లలో ఇద్దరు అన్నదమ్ములు, రొయ్యల గుంటల దగ్గర కాపలావాళ్లు. పెద్దవాడు చెంచయ్య, చిన్నవాడు పోలయ్య. వాళ్లకు కాలువలోనే బాప్తిస్మం ఇచ్చారు. పెద్దవాడికి యోహాను అని, చిన్నవాడికి దావీదు అని పేర్లు పెట్టింది టీచరమ్మే. ఒడ్డున తువ్వాళ్లు పట్టుకుని నిలబడి, "ఈ పొద్దు నుంచి ఎవురడిగినా ఈ పేరే చెప్పండి. తలొంచుకోబాకండి, తలెత్తి చెప్పండి" అన్నారు. గట్టు మీద నేనూ ఉన్నాను, విన్నాను.

ఆ తర్వాత అన్నదమ్ములు గుంట యజమానితో, ఆదివారం ఆరాధన అయ్యాకే కాపలాకు వస్తామని చెప్పారు. "యానాదోళ్లకి ఆదివారాలు కూడానా!" అని ఆయన నవ్వితే పక్కనున్నవాళ్లూ నవ్వారు. కొద్దిరోజులకు ప్రార్థన పాక కప్పును ఎవరో పీకి కాలువలో పడేశారు. ఆ గొడవ చల్లారకముందే గుంట దగ్గర మోటార్లు పోయాయి. పోలీసులు నేరుగా కాలనీకి వచ్చి అన్నదమ్ములిద్దర్నీ పట్టుకుపోయారు. స్టేషన్లో పేరడిగితే పెద్దవాడు టీచరమ్మ చెప్పినట్టే తలెత్తి, యోహాను అన్నాడు. జేబులోని కార్డులో చెంచయ్య అని ఉంది. అదే వాళ్ల కొంప ముంచింది. పేర్లు మార్చుకుని తిరిగే దొంగలని కేసు రాశారు. మోటార్లు మాత్రం దొరకలేదు.

మొదటి వాయిదాకు ఆమెతో నేనూ వెళ్లాను. బంట్రోతు గట్టిగా, "చెంచయ్య అలియాస్ యోహాను" అని పిలిచాడు. వెనక వరసలోంచి టీచరమ్మ లేచారు.

"అలియాస్ కాదయ్యా! బాప్తిస్మం పేరు. నేనే పెట్టినా."

హాలంతా నవ్వారు. జడ్జిగారు కూర్చోమన్నారు. మేము పెట్టుకున్న లాయరు వెనక్కి తిరిగి, అమ్మా మీరు మాట్లాడకండి అని చేతులు జోడించాడు. తిరుగు బస్సులో ఆమె, "బళ్లో హాజరు పిలిచేటప్పుడు ఎవురైనా పేరు తప్పు పలికితే దిద్దేదాన్ని. అలవాటు పోలా" అని నవ్వబోయి ఆగిపోయారు.

కొన్నాళ్లకు బెయిలు వచ్చింది. వచ్చినా మనుషులు బయటికి రాలేదు. ఒక్కొక్కరికి ఆస్తి ఉన్నవాళ్లు ఇద్దరు జామీను ఉండాలన్నారు. యానాదులకు జామీను ఎవరుంటారు? టీచరమ్మ గొడుగు పట్టుకుని ఊళ్లమీద పడ్డారు. కొడవలూరులో వరిపొలాలున్న చిన్నాన్న కొడుకు దగ్గరికి వెళితే, చేపల పులుసుతో భోజనం పెట్టి సంతకం మాట ఎత్తనివ్వలేదట. చర్చి పెద్దలు, "కేసు తేలనీండి టీచరమ్మా, అందాకా ప్రార్థన చేస్తాం" అన్నారు. "ప్రార్థన నేను చేసుకుంటా, మీరు సంతకం చెయ్యండి" అని ఆమె వాళ్ల ముఖానే అన్నారు. ఆ ఆదివారం నుంచి చర్చిలో ఆమె పక్కన కూర్చునేవాళ్లు తగ్గారు. అది ఆమెను బాగా బాధపెట్టింది. నాకు చెప్పలేదు, మా ఆవిడకు చెప్పుకున్నారు.

చివరికి నా కొట్టుకు వచ్చారు. "టీచరమ్మా, నాకు గిరాకీ ఇచ్చేదే ఆ గుంటలోళ్లు గదా" అన్నాను.

"తెలుసు సాయిబూ. అందుకే అందర్నీ అడిగినాక నీ కాడికి వచ్చినా."

 గొప్పకు చెప్పడం లేదు, ఏడ్చుకుంటూనే సంతకం పెట్టాను. అనుకున్నట్టే ఆ యజమాని, ఆయన చుట్టాలు తమ మోటార్లు వేరేచోటికి పంపడం మొదలుపెట్టారు. ఇంతా చేస్తే, ఆమె ఇల్లూ నా ఇల్లూ కలిసి ఒక్కడికే జామీను అయ్యాయి. ఇద్దరిలో ఎవరిని తెచ్చుకోవాలి?

ఆ మాట అడగడానికి ఇద్దరం జైల్లో ములాఖత్‌కు వెళ్లాం. ఇనప జాలీ అవతల పెద్దవాడు నిలబడ్డాడు. వాడే ముందు అందుకున్నాడు. "తమ్ముణ్ణి తీసకపోండమ్మా. వాడి పెళ్లాం నీళ్లాడే రోజులు. నాకేం, ఉంటా." ఆ తర్వాత జాలీ గీకుతూ అడిగాడు. "అమ్మా, ఈసారి జడ్జిగారు అడిగితే ఏ పేరు చెప్పమంటావు?"

టీచరమ్మ జాలీలోంచి వేళ్లు పోనిచ్చి వాడి వేళ్లు పట్టుకున్నారు. బస్సెక్కాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. "పేరు నేను పెట్టినా సాయిబూ. మోసేది వాడు" అన్నారు. 

చిన్నవాడు బయటికి వచ్చాడు, కూతురు పుట్టింది. పెద్దవాడు అక్కడే ఉండిపోయాడు. అప్పటి నుంచి టీచరమ్మ పిడికెడు బియ్యం చర్చికి కాకుండా పెద్దవాడి భార్యకు వెళ్లేది. ఆమె ఒక్కరి బియ్యం ఏ మూలకని, మా వీధి ఆడవాళ్లను కూడా అడిగారు. కొందరు వేశారు, కొందరు వేయలేదు. మా ఆవిడ బిస్మిల్లా అని ఎసట్లో బియ్యం పోసే ముందు ఇప్పటికీ ఒక పిడికెడు పక్కకు తీస్తుంది.

వాయిదా ఏదీ ఆమె తప్పలేదు. జ్వరంతో కూడా వెళ్లారు. జామీను కోసం తిరగడమూ మానలేదు, పోయిన వారం కూడా తడ వైపు ఎవరో ఉన్నారని విని వెళ్లి ఉత్త చేతులతో వచ్చారు. మనిషి పొట్టి. కోర్టు వరండాలో జనం మధ్య కనబడరు. అందుకని, పోలీసులు పెద్దవాణ్ణి వ్యాన్ దించగానే స్తంభం పక్కన నిలబడి, మూసిన నల్లగొడుగును తలపైకి ఎత్తేవారు. వచ్చాను అని దాని అర్థం. వాడు ముందు ఆ గొడుగు కోసమే వెతుక్కునేవాడు.

బుధవారం సాయంత్రం సమాధి చేశాం. గొయ్యి చిన్నవాడే తవ్వాడు, ఇంకెవర్నీ పార పట్టనివ్వలేదు. సంతకం పెట్టని పెద్దలందరూ వచ్చారు. ఆమె మంచితనం గురించి చాలాసేపు మాట్లాడారు. నేను దూరంగా నిలబడ్డాను. నాకు వాళ్లమీద ఇంకా కోపమే.

గురువారం వాయిదాకు నేను వెళ్లాను. ఆమె ఇంట్లో తలుపు వెనక తగిలించి ఉన్న గొడుగు ఎందుకు తీసుకెళ్లానో నాకే తెలియదు. ఎండ కూడా లేదు. వ్యాన్ వచ్చింది. సంకెళ్లతో దిగిన పెద్దవాడు, జనంలోకి మెడ సాచి చూస్తున్నాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. నేను స్తంభం పక్కన నిలబడి గొడుగు పైకెత్తాను.

వాడు చూశాడు. ముఖమంతా నవ్వయింది. తర్వాత వాడి కళ్లు గొడుగు మీదనుంచి మెల్లగా దిగి నా చెయ్యి దగ్గర ఆగాయి.