నరసాపురం దగ్గర ఆగిన వేలు

గాలి ఎక్కువైంది. రాయపూర్‌లో మా రైల్వే క్వార్టరు కిటికీ రెక్క చట్రానికి కొట్టుకుంటోంది. ఆ చప్పుడుకి పాప ఉలిక్కిపడి మళ్ళీ పడుకుంది. విజయనగరం నుంచి మావారు వస్తున్న పాసింజరు ఇంకా రాలేదు. కొండల్లో ఒకటే వాన అని, పట్టాల కింద మట్టి కోసుకుపోతోందని సాయంత్రం పక్కింటివాళ్ళు అన్నారు. ఇలాంటి గాలి హోరు విన్నప్పుడల్లా నాకు దమయంతీ బెహన్‌జీ గుర్తొస్తారు.

రాయపూర్ ఆడపిల్లల బడిలో ఆవిడ మాకు భూగోళం చెప్పేవారు. తెలుగువారే. పాఠం హిందీలో చెప్పినా మా తెలుగు పిల్లల్ని తిట్టేది మాత్రం తెలుగులోనే, తక్కిన పిల్లలకు అర్థమై మేం చిన్నబోకుండా.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ పురిటికి నరసాపురం వెళ్ళింది. ఆమె అక్కడుండగానే తుపాను వచ్చింది. తంతి తీగలు తెగిపోయాయి. నాన్న రోజూ స్టేషన్లో వాకబు చేసి, ఏ కబురూ లేక తిరిగి వచ్చేవారు. అలాంటి ఒకనాడు బెహన్‌జీ నన్ను గ్లోబు దగ్గరికి పిలిచి, ఉత్తర ధ్రువం నుంచి రాయపూర్ మీదుగా పోయే రేఖాంశం వెంట వేలు నడపమన్నారు. సైబీరియా, టిబెట్టు, నేపాలు దాటి రాయపూర్ వచ్చాను. ఆ కింద బస్తరు అడవులు, గోదావరి. ఆ గీత తిన్నగా నరసాపురం వైపే దిగుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. దాని కింద అంతా సముద్రపు నీలం. నా వేలు కదలలేదు.

"అరే, అతుక్కుపోయిందా మద్రాసీ?" అని వెనక బెంచీ నుంచి ఎవరో నవ్వారు.

"చుప్!" అని బెహన్‌జీ నా పక్కకు వచ్చి తెలుగులో మెల్లగా అడిగారు. "మీ అమ్మ అక్కడేనా?"

"ఆఁ. ఉందంటారా బెహన్‌జీ?"

"నాకు తెలీదమ్మా. తెలీనిది చెప్పను. గీత మాత్రం అక్కడ ఆగదు. పద."

నా మణికట్టు పట్టుకుని వేలు ముందుకు లాగారు. సింహళం తూర్పు అంచు, ఆ తర్వాత ఒట్టి నీళ్ళు, దక్షిణ ధ్రువపు మంచు. "ఇక్కణ్ణుంచి దీని అంకె మారుతుంది, దారి మారదు" అంటూ గ్లోబు అవతలి వైపు పసిఫిక్ సముద్రం, మెక్సికో, అమెరికా, కెనడా దాటించి మళ్ళీ ఉత్తర ధ్రువానికి, అక్కణ్ణుంచి రాయపూర్‌కి తెచ్చారు.

ఆ వారంలోనే నాన్న బడికి వచ్చారు. గుమ్మంలో ఆయన్ని చూసి నేను కళ్ళు మూసుకున్నాను. బెహన్‌జీయే ఎదురెళ్ళి అడిగారు.

"ఆవిడ బానే ఉందండి. పుట్టినోడే దక్కలేదు" అన్నారు నాన్న.

బెహన్‌జీ నన్ను ఓదార్చలేదు. "ఇంటికెళ్ళు. మీ అమ్మ వచ్చేసరికి అన్నం వండడం నేర్చుకో" అన్నారంతే. నాకు కోపమొచ్చింది. అమ్మ వచ్చి, నేను వండిన ముద్దన్నం మెతుకు మిగల్చకుండా తిన్న రోజున ఆ కోపం పోయింది.

పాప పుట్టాక నాకు భయపడడం రోజువారీ పనైపోయింది. ఆ భయం ఎక్కడో ఒకచోట నన్ను ఆపేస్తుంది. ఈ రాత్రి మావారి బండి వెంట మనసులోనే వస్తుంటే, రాయగడ దాటాక వచ్చే వంతెన దగ్గర ఆపింది. బండి అది దాటిందో లేదో నాకు తెలీదు. తెలీనిది నాకు నేను కూడా చెప్పుకోను. వంతెన తర్వాతి స్టేషన్ల పేర్లు పైకే అంటాను. మునిగూడ, టిట్లాగఢ్, కాంటాబాంజీ, ఖరియార్ రోడ్డు, మహాసముంద్, రాయపూర్, మా వాకిలి. వాకిట్లో చెప్పులు విప్పిన చప్పుడు ఇంకా లేదు కనుక, మళ్ళీ విజయనగరం నుంచి మొదలుపెడతాను.